బైబిల్లో లేని పేరు

మొన్న మాఘమాసపు ఎండలో కోడుమూరు దాటాక బస్సు దిగి మట్టిదారిన నడుస్తూ ఉంటే, పక్క కళ్ళంలో ఎండబోసిన బ్యాడిగి మిరపకాయల వాసన వచ్చి నన్ను అక్కడే నిలబెట్టింది. మామూలు మిరపకాయ వాసన ముక్కును కొట్టి పోతుంది. ఈ ముడతలు పడ్డ కాయ వాసన అట్లా కాదు, కాస్త తీపిగా, కాస్త పొగగా, మెల్లగా లోపలికి దిగి చాలాసేపు ఉంటుంది. కారం తక్కువ, రంగు ఎక్కువ. ఈ వాసనకు వేరేవాళ్ళకు ఊరగాయలు గుర్తుకు వస్తాయేమో, నాకు మాత్రం ఎండకు చెవులు ఎర్రబడిన ఒక పొడుగాటి తెల్ల డాక్టరు గుర్తుకొస్తాడు. ఆయన మిషన్ ఆసుపత్రి వెనక చాప మీద ఈ కాయలే ఎండబెట్టుకుని, గింజలు తీయించి దంచించుకుని, ఎర్రగడ్డలు నూనెలో బాగా మగ్గనిచ్చి, ఆ పొడి దండిగా వేసి కోడికూర వండుకునేవాడు. వాళ్ళమ్మ వంటింట్లో అచ్చం ఇదే వాసన వచ్చేదట. ఆయన దేశం హంగేరి. ఆయన పేరు జోల్తాన్. నా తమ్ముడి పేరు కూడా అదే.

మా పల్లెలో ఆ రోజుల్లో పేర్లు ఎక్కడినుంచి వచ్చేవో చెబితే ఇప్పటి పిల్లలు వింతగా చూస్తారు. పిల్లలు లేని ఆడవాళ్ళు పీర్ల పండగనాడు, అలావ గుండంలో నిప్పులు ఎర్రగా కణకణలాడుతుంటే, ఊదుపొగలో కళ్ళు మండుతుంటే, తప్పెట్ల మోతకు గుండె అదురుతుంటే, ఎత్తుకొచ్చిన పీరు ముందు కొంగు పట్టి నిలబడేవాళ్ళు. బిడ్డ పుడితే ఆ బిడ్డ ఉశేనయ్యో, ఉశేనమ్మో, దస్తగిరో, మస్తానమ్మో అయ్యేది. ఆ తల్లి నుదుట కుంకుమ ఉంటుంది, ఇంట్లో మారెమ్మకు కోడిని కోస్తుంది, అయినా బిడ్డ పేరు ఉశేనయ్యే. ఎవరివల్ల బిడ్డ దక్కిందనుకుంటే వాళ్ళ పేరు పెట్టడం, అంతే. బెల్లం వేసి పిసికిన మలీదముద్దలు ఊరంతా తినేవాళ్ళం. మేము కిరస్తానం పుచ్చుకున్న ఇంటివాళ్ళం, మాకు చర్చి తరఫున ఆ పండగకు పోకూడదని కట్టడి ఉండేది. మలీద మాత్రం నడిచి మా ఇంటికే వచ్చేది, దానికి కట్టడి లేదు.

పీరని ఎత్తే ఆ తగరపు రేకు తొడిగిన కర్ర ఏ ఆడదాని కడుపూ పండించలేదని నేను ఈ పెన్ను పట్టిన నాటినుంచీ రాస్తూనే ఉన్నాను, మళ్ళీ రాస్తున్నాను. కానీ మా నాయనమ్మ, మేము జేజి అని పిలిచే మనిషి, ఆ కర్ర పేరే మోసింది. ఆమె ఉశేనమ్మ. పెళ్ళై చర్చిలోకి వచ్చాక ఆమెకు ఎస్తేరమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే పలికేది కాదు. పలక్కపోవడం చెవుడువల్ల కాదని, పెరట్లో కోడిపిల్ల అరిచినా వినపడే మనిషని పేటంతా తెలుసు.

నా తర్వాత అమ్మకు ఇద్దరు పుట్టారు. ఇద్దరూ పాలు తాగకముందే పోయారు. బాప్తిస్మం కాకుండా పోయిన బిడ్డలకు చర్చి సమాధుల దొడ్డిలో చోటు లేదన్నారు, పాటా ప్రార్థనా లేకుండా గోడ అవతల జిల్లేడు పొదల దగ్గర పూడ్చారు. నాయన బేతంచెర్ల వైపు బండల గనిలో పనికి పోయేవాడు, వారానికొకసారి వచ్చేవాడు. ఆ గోడ గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. అమ్మ మాత్రం కట్టెలకు పోయేటప్పుడు ఆ వైపు దారి వదిలి, చేను చుట్టి, ఎండలో రెండింతలు నడిచి పోయేది. నేను ఆమె వెనక నడుస్తూ, దగ్గరి దారి ఉండగా ఇట్లా ఎందుకు పోతామని అడిగేదాన్ని. అమ్మ కొంగు నెత్తిన కప్పుకుని ఇంకా వేగంగా నడిచేది.

మూడోసారి నొప్పులు వచ్చి బిడ్డ అడ్డం తిరిగితే, మంత్రసాని చేతులెత్తేసింది. ఎద్దులబండి మీద కోడుమూరు దాకా, అక్కడినుంచి వేరుశనక్కాయల లారీలో కర్నూలు దారిలో ఉన్న మిషన్ ఆసుపత్రి దాకా తీసుకుపోయారు. జేజి నన్ను కూడా ఎక్కించుకుంది, ఎందుకో తెలియదు, బహుశా చెయ్యి పట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలని. కార్బాలిక్ సబ్బు వాసన వేసే ఆ వరండాలో చాలాసేపు కూర్చున్నాక, ఆ పొడుగాటి మనిషి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. తల్లీ బిడ్డా బాగున్నారన్నాడు. జేజి ఆయన కాళ్ళ మీద పడింది. ఆయనకు తెలుగు నేర్పింది వార్డుల్లో పనిచేసే ఆయాలు, కాబట్టి ఆయన నోట మా సీమ మాటే వచ్చేది, కాకపోతే ప్రతి మాటనూ మొదట్లోనే గట్టిగా గుద్ది పలికేవాడు.

"లెయ్యవ్వా, లెయ్యి. నేను దేవుణ్ణి కాదు. ఆడ నా మిరపకాయలు కోతులు ఎత్తకపోతాండాయి."

జేజి లేవకుండానే అడిగింది. "నీ పేరేమప్పా?"

"జోల్తాన్."

"అయితే వీని పేరూ అదే."

"వద్దవ్వా, మీ పల్లెలో పిల్లోళ్ళు నవ్వుతారు."

"నవ్వేటోళ్ళు వచ్చి కాన్పు చేసినారా? బిడ్డను దక్కించినోళ్ళ పేరే పెడతానని మాట ఇచ్చేసినా, అంతే."

పేరు మాతోపాటు పల్లెకు వచ్చింది. దాన్ని నోట్లో వేసుకుని చూడటానికి పేటలో ఆడవాళ్ళంతా వచ్చారు. ఊరుబిండి పచ్చడి రోట్లో రుబ్బుతూ ఒకామె, జొన్నరొట్టె తడుతూ ఒకామె, గచ్చకాయలాడుతూ మేము పిల్లలం, అందరం అదే పేరు తిప్పి తిప్పి పలికేవాళ్ళం. "తెల్లోళ్ళ మందు పేరు మాదిరి ఉండాదే," అని ఒకామె. "కాదు మే, బోరింగు ఇంజను పేరు అట్లనే ఉంటాది," అని ఇంకొకామె. దాని అర్థం ఏమిటని నేను అడిగితే జేజి విసుక్కుంది. "డాక్టరు పేరది. పేరుకు మనిషి ఉండాల గానీ అర్థమెందుకు?"

నాకు మాత్రం కావాలి. రాహేలు అంటే గొర్రె అని సండే స్కూల్లో చెప్పిన రోజు నేను ఇంటికి వచ్చి ఏడ్చాను, ఎందుకంటే నా పేరు రాహేలు. అప్పటినుంచీ కనపడ్డ ప్రతి పేరునూ చిప్ప పగలగొట్టి లోపల ఏముందో చూడటం నాకు ఆటయింది.

మా చర్చి అయ్యగారు ఎడ్వర్డు గారు. ఆయన గురించి న్యాయంగా చెప్పాలి. ఎండలో గొడుగేసుకుని మూడు పల్లెలు తిరిగి పేటల పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషి, టీ కొట్లో మావాళ్ళకు వేరే గ్లాసు పెడితే ఆ గ్లాసు నేలకేసి కొట్టిన మనిషి. నాకు చదువు పెట్టింది ఆయనే. బాప్తిస్మం గురించి జేజి అడగడానికి పోయిన రోజు మాత్రం ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు.

"ఎస్తేరమ్మా, పీర్ల పేర్లు, మారెమ్మ పేర్లు మాన్పించడానికి మేము ఇన్నేండ్లు పాటుపడినాము. బైబిల్లో ఇన్ని మంచి పేర్లుంటే, ఏ దేశానిదో ఏ విగ్రహానిదో తెలియని పేరు తెస్తావా? దాని అర్థమేమి?"

జేజి పలకలేదు. ఎస్తేరమ్మ అన్నాడుగదా. నేనే అడిగాను. "అర్థం మంచిదైతే ఇస్తారా అయ్యగారూ?"

"మంచిదైతే చూద్దాం పాపా," అన్నాడు ఆయన.

అమ్మ కుట్లు చూపించుకోవడానికి ఆసుపత్రికి పోవలసి వచ్చింది. నేను కొంగు పట్టుకుని వెంటబడ్డాను. డాక్టరు ఆ పొద్దు పని ముగించి వెనక వరండాలో మిరపకాయల తొడిమెలు తీస్తూ ఉన్నాడు. నాకూ ఒక గుప్పెడు ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆయన దేశంలో పెద్ద గొడవ జరిగి, ప్రాణం చేతబట్టుకుని సరిహద్దు దాటి, ఎక్కడెక్కడో తిరిగి ఇక్కడ తేలాడని ఆయాలు చెప్పుకునేవాళ్ళు. ఆయన ఆ సంగతి మాట్లాడలేదు. పేరు గురించి అడిగితే మాత్రం చెయ్యి ఆపి నావైపు తిరిగాడు. ఈ దేశంలో ఆయన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదట.

మొదట ఒక వింత చెప్పాడు. వాళ్ళ దేశంలో ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనక. "మాదీ అంతే గదా!" అని నేను ఎగిరినంత పని చేశాను. నాకు తెలిసిన తెల్లవాళ్ళంతా, అంటే పుస్తకాల్లో తెలిసినవాళ్ళంతా, తలకిందులుగా రాసుకునేవాళ్ళే. ఈయన మనలాగే ముందు ఇల్లు చెప్పి, తర్వాత తాను. ఇంకొకటి కూడా చెప్పాడు. అక్కడ క్యాలెండరులో ప్రతి పేరుకూ ఒక రోజు ఉంటుందట, ఆ రోజు ఆ పేరున్న వాళ్ళందరినీ ఇరుగుపొరుగు పలకరిస్తారట, పూలిస్తారట, తాగిస్తారట. "నా పేరు రోజున ఈడ ఎవురూ రారు. నేనే కోడికూర వండుకోని నాకు నేనే పెట్టుకుంటా," అని నవ్వాడు.

"సరే, అర్థమేమి?"

"పాతది పాపా, శానా పాతది. మా వాళ్ళు కిరస్తానం పుచ్చుకోక ముందు గుర్రాలెక్కి తిరిగేటోళ్ళు. అప్పటి దొరల్లో ఒకాయనకు ఆ పేరుండె. తురక భాషలోంచి మాకు వచ్చిందని చదువుకున్నోళ్ళు అంటారు. సుల్తాన్ అని మీ సాయిబులు అంటారే, ఆ మాటే. అధికారం కలవాడని. అది అరబ్బుల నుంచి తురకలకు, వాళ్ళ నుంచి మాకు."

"మరి కిరస్తానం వచ్చినాక?"

"మూల పడింది. అందరూ పరిశుద్ధుల పేర్లే పెట్టుకున్యారు. శానా వందల ఏండ్లకు ఎవురో పాత కథలు తిరగేసి, ఈ పేరు బాగుండాదే అని మళ్ళా తీసినారు. ఇప్పుడు చర్చికి పోయే తల్లులే పెడతాండారు. మాయమ్మ ఆదివారం తప్పేది కాదు."

ఇంటికి తిరిగి వచ్చే బస్సులో నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, దారి పక్క ఏముందో ఒక్కటీ గుర్తులేదు. ఎక్కడో ఇసుక దేశంలో పుట్టిన ఒక మాట ఒక కాలు గుర్రాలవాళ్ళ చలిదేశానికి పెట్టింది, ఇంకో కాలు నవాబులతో మా కర్నూలుకు పెట్టింది. ఆ రెండు అడుగులూ ఇన్ని వందల ఏళ్ళు ఒకదానికొకటి తెలియకుండా తిరిగి, అమ్మ పాతచీర ఉయ్యాలలో కలుసుకున్నాయి. ఆ వయసులో నాకు లోకం గుండ్రంగా ఉందని పుస్తకం చెప్పింది. నమ్మింది మాత్రం ఆ బస్సులోనే.

ఆదివారం ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వెతుక్కుంటూ ఉండగా అయ్యగారి ముందు నిలబడి, నేర్చుకున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. ఇంటిపేరు, క్యాలెండరు, గుర్రాలు, సుల్తాన్. చివరి మాట దగ్గర చర్చి మొత్తం నవ్వింది.

"ఉశేనమ్మ ఇంటికి సుల్తాను వచ్చినాడప్పా! ఇంగ గుర్రమొకటే తక్కువ!" అన్నాడు సంఘపెద్ద.

అయ్యగారు నవ్వలేదు. "అర్థం మంచిదైతే అన్నాను. ఇది సాయిబుల పేరని నువ్వే చెప్తివి," అన్నాడు. ఆ దేశంలో చర్చికి పోయే తల్లులు పెడతారని నేను అరిచిన మాట ఆయనకు చేరలేదు, చేరినా వినదలచుకోలేదు. పైగా ఈ సంగతి వీధి దాటి దర్జీ ఖాసీం తాతకు చేరింది. ఆయన ఎంత మురిసిపోయాడంటే, మిగిలిన గుడ్డముక్కలతో అరచేతిలో ఇమిడే కుల్లాయి ఒకటి కుట్టి, "మా సుల్తాన్‌కు" అని పంపాడు. జేజి దాన్ని బిడ్డ తలకు పెట్టి పేటంతా తిప్పింది. ఆ సాయంత్రమే అయ్యగారు కబురు పంపాడు. పేరు యోహాను, లేదంటే బాప్తిస్మం లేదు.

ఇదంతా నాకు ఆటగా ఉండేది, ఎండాకాలం ముదిరేదాకా. చైత్రం దాటాక బావుల్లో నీళ్ళు అడుగంటి, బురద తేరిన నీళ్ళే తాగుతుంటే, పేటలో పిల్లలకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. తమ్ముడికీ పట్టాయి. కళ్ళు లోపలికి పోయాయి. ఏడ్చినా నీళ్ళు రాలేదు. అమ్మ వాణ్ణి ఒళ్ళోంచి దించకుండా జేజితో అంది, "అయ్యగారి దగ్గరికి పోయి సరే అని చెప్పు. యోహానే."

"మాట ఇచ్చినా నేను. పేరు తీసేస్తే బిడ్డ దక్కడు మే."

"నీ మాట కోసరం నా బిడ్డను గోడ బయట పండబెట్టల్లా?"

జేజి పోలేదు, నన్నే పంపారు. అయ్యగారు ఆదివారం ఖాయం చేశాడు.

బిడ్డ ఎట్లా తేరుకున్నాడో నాకు తెలుసు, కళ్ళారా చూశాను. కాచి చల్లార్చిన నీళ్ళలో చిటికెడు ఉప్పూ, చక్కెరా కలిపి స్పూనుతో తాగిస్తూనే ఉండమని కుట్లు చూపించుకోవడానికి పోయిననాడే డాక్టరు మా అమ్మకు చెప్పి పంపాడు. అమ్మ తాగిస్తూనే ఉంది, బిడ్డ కక్కితే మళ్ళీ తాగించింది. ఆదివారం వచ్చేసరికి వాడు కళ్ళు తెరిచి చీమల్ని చూస్తున్నాడు. యోహాను అని ఒప్పుకున్నందుకే బతికాడని చర్చివాళ్ళు అన్నారు, జోల్తాన్ అని ఇంకా మార్చనందుకే బతికాడని జేజి అంది. ఉప్పునీళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. మనుషులు కళ్ళముందున్న కారణాన్ని దాటి ఎంత దూరమైనా పోగలరని నాకు తెలిసింది అప్పుడే, ఆ ఆశ్చర్యం ఇప్పటికీ పోలేదు.

ఆ ఆదివారానికి ముందు నేను ఇంకో పని చేశాను. అయ్యగారు నేర్పిన చదువుతోనే బైబిల్లో పేర్ల పుటలన్నీ, ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను అనే ఆ పొడుగాటి వరసలన్నీ, వేలు పెట్టి వెతికాను. దొరకలేదు. పాఠం జరుగుతుండగా లేచి అడిగాను.

"అయ్యగారూ, ఎడ్వర్డు బైబిల్లో యాడుండాడు?"

పిల్లలంతా బెత్తం వైపు చూశారు. ఆయన బెత్తం వైపు చూడలేదు. చేతిలోని పుస్తకం మూసి, "అది మంచి క్రైస్తవ రాజుల పేరు," అన్నాడు.

"ఆ రాజుకు ముందు ఎవరిది?"

"పోయి కుండలో నీళ్ళున్నాయేమో చూడు పాపా," అన్నాడు. ఎడ్వర్డు అంటే సంపదకు కావలివాడని, క్రీస్తు పేరు వినకముందు ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న పేరని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. చెప్పడానికి అప్పటికి ఆయన లేడు.

ఆదివారం చర్చి నిండిపోయింది. రాతితొట్టిలో నీళ్ళు పోశారు. జ్ఞానతల్లిగా మా పెద్దమ్మ బిడ్డనెత్తుకుంది. మా చర్చి పద్ధతిలో అయ్యగారు పేరు అడగాలి, జ్ఞానతల్లి చెప్పాలి, ఆమె నోట ఏ పేరు వస్తే ఆ పేరుతో నీళ్ళు పోయాలి. జేజి లోపలికి రాలేదు, గుమ్మం బయట బండ మీద చర్చికి వీపు పెట్టి కూర్చుంది.

"ఈ బిడ్డ పేరేమిటి?"

పెద్దమ్మ నోరు తెరిచేలోగా అమ్మ ముందుకు వచ్చింది. "జోల్తాన్."

"రూతమ్మా," అన్నాడు అయ్యగారు మెల్లగా, "మనం అనుకున్నది అది కాదు."

అమ్మ చర్చిలో ఎప్పుడూ గొంతెత్తిన మనిషి కాదు, పాట కూడా పెదవుల్లోనే పాడేది. "నేను కోతబల్ల మీద పండుకున్నప్పుడు ఆ డాక్టరప్ప నా పేరు అడగల్యా అయ్యగారూ. ఏమి కులమోళ్ళని అడగల్యా. ఇస్తే ఈ పేరుకే ఇయ్యండి. లేకుంటే ఎత్తుకుపోతా. గోడ బయట నా బిడ్డలు ఇద్దరుండారు. వాళ్ళు దేవునికి కనపడరా?"

అయ్యగారి తడిచేయి తొట్టి మీద ఆగిపోయింది, వేళ్ళనుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా రాతి మీద పడటం వినపడింది. ఆయన ఒకసారి తల తిప్పి పిల్లల వరసలో ఉన్న నావైపు చూశాడు. తర్వాత బిడ్డను చేతుల్లోకి తీసుకుని, "జోల్తాన్, తండ్రియొక్కయు..." అని మొదలుపెట్టాడు. ఆ పేరును ఆయన మొదట్లోనే గట్టిగా గుద్ది, డాక్టరు పలికినట్టే పలికాడు. అంటే ఎక్కడో ఒంటరిగా పలికి చూసుకున్నాడన్నమాట. బయట బండ మీదినుంచి జేజి ఏడుపు వినిపించింది.

తమ్ముడు ఇప్పుడు డోన్‌లో లారీల మెకానిక్కు, తాత అయ్యాడు కూడా. జీవితమంతా వాణ్ణి చూసి జనం తికమకపడ్డారు. పేరు విని కులం పసిగట్టే మన దేశపు విద్య వాడి దగ్గర పనిచెయ్యలేదు. ఒక ఇంటాయన సాయిబనుకుని ఇల్లు బాడుగకు ఇవ్వనన్నాడు, ఇంకొకాయన సాయిబనుకునే ఇచ్చాడు. నేను పాతికచోట్ల ఉపన్యాసాలిచ్చి చెయ్యలేని పని ఆ పేరు ఊరకే చేసింది.

డాక్టరు ముసలితనంలో తన దేశం పోయాడు. పీర్ల పండగ ఇప్పటికీ జరుగుతుంది, మైకులతో, ఇంకా పెద్దగా. కానీ మా పల్లె బడిలో పిల్లల పేర్లు వరసగా పిలిపించుకుని విన్నాను. హిందువుల పిల్లల్లో ఒక్క ఉశేనయ్య లేడు, ఒక్క మస్తానమ్మ లేదు. ఆ మొక్కులు పోయినందుకు నాకు దిగులు లేదు, పోవాలనే కోరుకున్నాను. మూఢనమ్మకం పోతూ పోతూ ఇరుగుపొరుగు పేర్లను కూడా వెంట తీసుకుపోతుందని మాత్రం అనుకోలేదు. నమ్మకం పోయిందా అంటే అదీ లేదు, అంకెలు కూడి అక్షరం కలిపి పేరు అమ్మే దుకాణాలు కోడుమూరు దాకా వచ్చాయి.

పోయిన నెల తమ్ముడికి మనవరాలు పుట్టింది. కర్నూలులో ఆపరేషన్ చేసి తీశారు. డోన్‌లో వాళ్ళింట్లో అందరం కూర్చున్నాం. తమ్ముడి కొడుకు ఫోనులో పేర్లు చదువుతున్నాడు, ప్రతి పేరు పక్కనా దాని అర్థం, వెన్నెలలూ కిరణాలూ అదృష్టాలూ. "అత్తా, దీని అర్థం కరెక్టేనా?" అని నన్ను అడుగుతున్నాడు, ఇంట్లో చదువుకున్న మనిషినని. నేను అర్థాలు సరిచేస్తున్నాను. తమ్ముడు చాలాసేపు విని, కోడల్ని అడిగాడు.

"ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ పేరేమిమ్మా?"

కోడలు మొగుడి వైపు చూసింది. "మొగానికి గుడ్డ కట్టుకోనుండె మామా. అడగల్యా."

ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తమ్ముడు లేచి చొక్కా తగిలించుకున్నాడు.

"ఆ పేరు మాకు నచ్చకుంటేనో?" అన్నాడు కొడుకు.

"నచ్చేదేముండాదిరా, ఆయమ్మ పేరు ఆయమ్మది," అని తమ్ముడు చెప్పులేసుకుని కర్నూలు బస్సుకు పోయాడు.